ఉక్కుత్రాడు: భారోద్ధరణ చరిత్రలో ఒక అధ్యాయము

ఓడరేవులలోను, కర్మాగారములలోను, ఎత్తయిన కట్టడముల చెంతను నిలిచి పదులకొలది టన్నుల బరువులను అవలీలగ నెత్తి దించు క్రేనును చూచువారి దృష్టి దాని యుక్కుదూలములమీదను, ఘోషించు మోటారుమీదను నిలుచునే గాని, ఆ దూలమునకును కొక్కెమునకును నడుమ వ్రేలాడు త్రాటిమీద నిలుచుట అరుదు. యంత్రమెంత బలమైనదైనను, దానిని నడుపువాడెంత నిపుణుడైనను, తుదకు భారమును మోయునది ఆ త్రాడే. అది తెగిననాడు మిగిలిన బలమంతయు నిష్ప్రయోజనమగును. అట్టి త్రాడు ఎక్కడ, ఎవరిచేత, ఏ యవసరమువలన పుట్టినదో, దానిని కాపాడుకొను పద్ధతులను మానవుడెట్లు నేర్చుకొనెనో, ఆ పద్ధతులు శాసనములుగ నెట్లు పరిణమించెనో పరిశీలించినచో ఒక సత్యము స్పష్టమగుచున్నది. ఉక్కుత్రాడు మనకొనర్చిన మేళ్ళలో దాని బలముకంటె గొప్పది, తెగుటకు ముందు అది చేయు హెచ్చరిక. ఆ హెచ్చరికను చదువగల కన్ను లేనిచోట ఆ బలమును నమ్ముకొనుట ప్రమాదము.

బరువులెత్తు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వమే గ్రీకులు కప్పీలను, ఇరుసులను కూర్చి దేవాలయముల రాళ్ళనెత్తుట నేర్చిరి. రోమక వాస్తువేత్తయగు విత్రూవియస్ తన గ్రంథము పదవ భాగమున మూడు కప్పీల యంత్రమును, ఐదు కప్పీల యంత్రమును వర్ణించెను. రోము నగరమున హతేరీ కుటుంబమువారి సమాధికి చెందిన శిల్పఫలకమునందు, పెద్ద చక్రము లోపల మనుష్యులు నడచుచుండగా ఆ చక్రము తిరిగి బరువునెత్తు దృశ్యము నేటికిని కనవచ్చును. మధ్యయుగమున ఐరోపా రేవుపట్టణములలో ఇట్టి నడకచక్రపు క్రేనులనేకము వెలసెను. బాల్టిక్ తీరమునందలి గ్డాన్స్క్ పట్టణమున 1442–1444 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన రేవు క్రేను వానిలో ప్రఖ్యాతమైనది. వీనియన్నిటియందును శక్తి మానవునిది, త్రాడు నారది. రెండువేల యేండ్లకాలము యంత్రము రూపము మారుచు వచ్చినను త్రాడు మాత్రము మారలేదు.

మన తెలుగునేలను కూడ త్రాటి విద్యకు తక్కువ లేదు. జనుమునారతోను, కొబ్బరిపీచుతోను పేనిన చాంతాళ్ళు, పగ్గములు, పలుపులు, మోకులు వ్యవసాయమునకు ఊపిరులై యుండెడివి. మోటబావి గట్టున ఎద్దులను కట్టబోవు రైతు ముందుగా మోకును చేతితో తడిమి, నార విచ్చినచోటును, పురి సడలినచోటును, గిలకమీద ఒరసికొని అరిగినచోటును కనిపెట్టి, అవసరమగుచో ఆ భాగమును కోసి మరల అతుకు పేనెడివాడు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములలో తెరచాప ఓడలు కట్టిన వడ్రంగులును, వానిని నడిపిన కళాసీలును త్రాటి గుణదోషములను బాల్యమునుండియే ఎరిగినవారు. నాటి త్రాటిని పేనినవాడు, వాడినవాడు, పరీక్షించినవాడు పెక్కుచోట్ల ఒకడే. కాకున్నను ఒకే ఊరివాడు. కావున త్రాటి ఆరోగ్యమును చూచుట ప్రత్యేకముగ విధింపవలసిన నియమముగా నుండక, పనిలో నొక భాగమై యుండెను. యంత్రయుగము ఈ ముగ్గురను వేరుచేసెను. ఆ ఎడబాటునుండియే మన కథలోని కష్టములన్నియు పుట్టినవి.

పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున జర్మను దేశమునందలి హార్ట్స్ పర్వతప్రాంతమున వెండి, సీసము త్రవ్వు గనులు నానాటికి లోతుగా దిగజొచ్చెను. వందల మీటర్ల లోతునుండి ఖనిజమును పైకి లాగుటకు రెండే సాధనములుండెను: నారత్రాడు, ఇనుప గొలుసు. నారత్రాడు గని తేమకు క్రుళ్ళెడిది. లోతు పెరిగినకొలది లావుపాటి త్రాడు కావలసివచ్చి, ఖర్చు భరింపరానిదయ్యెడిది. గొలుసు క్రుళ్ళదు, కాని దానికి వేరొక దోషము కలదు. గొలుసునందలి వందలాది కడియములలో ఏ ఒక్కటి విరిగినను గొలుసంతయు తెగినట్లే. విరుగబోవు కడియము పైకి చక్కగనే కనిపించును. లోపలి పగులు కంటికి అందదు. నిన్నటివరకు మోసిన బరువునే మోయుచు, ఏ సూచనయు లేక, ఒక్క క్షణమున తెగిపోవుట గొలుసు స్వభావము. గనులయందు దీని ఫలమెట్లుండునో చెప్పనక్కరలేదు.

క్లౌస్టాల్ పట్టణమున గనుల ఉన్నతాధికారిగ నుండిన విల్హెల్మ్ ఆల్బర్ట్ ఈ చిక్కును శ్రద్ధతో పరిశీలించిన మహనీయుడు. ఆయన 1787లో జన్మించి 1846లో మరణించెను. గొలుసులు ఏల తెగుచున్నవో తెలిసికొనుటకై, ఒకే భారమును మరల మరల మోపుచు దించుచునుండు యంత్రమునొకదానిని కల్పించి ఆయన పరీక్షలు జరిపెను. ఆ ఫలితములు 1837లో ప్రకటితములయ్యెను. ఒక్కసారి సులభముగ మోసిన భారమునే లోహము లక్షసారులు మోయవలసివచ్చినచో అలసి విరుగవచ్చునను జ్ఞానమునకు ఆ పరీక్షలు తొలిమెట్టు. పిమ్మట రైలుబండ్ల ఇరుసులమీద ఇట్టి పరిశోధనలనే విస్తరించి ఆగస్టు వోలర్ లోహశ్రమ శాస్త్రమునకు పునాదులు వేసెను. కాని ఆల్బర్ట్ పండితుడై ఊరకుండలేదు. గొలుసునందలి దోషమునకు మందు గొలుసులో లేదని గ్రహించి, నారత్రాటి నిర్మాణమును, ఇనుపతీగ బలమును ఒకచోట చేర్చినచో నేమగునని ఆలోచించెను.

1834 జూలై మాసమున క్లౌస్టాలునందలి కరోలిన్ గనిలో ఆయన చేయించిన తొలి తీగత్రాడు పనిలోనికి దిగెను. దాని నిర్మాణము మిక్కిలి సరళము. మూడున్నర మిల్లీమీటర్ల మందము గల ఇనుపతీగలు నాలుగింటిని చేతితో మెలివేసి ఒక పేటగ చేసిరి. అట్టి పేటలు మూడింటిని అదే దిశలో పురివేసి త్రాడుగ పేనిరి. మొత్తము పండ్రెండు తీగలు. త్రాటి మందము సుమారు 18 మిల్లీమీటర్లు. లావుపాటి నారమోకులను చూచిన కన్నులకు అది బలహీనముగ కనబడియుండును. అయినను అది నిలిచినది. ఆ తరువాత హార్ట్స్ గనులలో గొలుసులను తొలగించి తీగత్రాళ్ళను వేయుట వేగముగ వ్యాపించెను. తన కల్పనను గుప్తముగ నుంచి ధనమార్జింపవలెనను తలంపు ఆల్బర్టునకు లేకుండెను. మరుసటి యేడు, అనగా 1835లో, త్రాటిని పేను విధానమంతయు ఆయన లోకమునకు ప్రకటించెను.

ఈ కల్పనయందలి లోతును గ్రహింపవలెననిన, పండ్రెండు తీగలలో ఒకటి తెగినప్పుడేమి జరుగునో ఆలోచింపవలెను. త్రాడు తెగదు. తెగిన తీగ తన భారమును తక్కిన వానికి పంచియిచ్చి, తాను త్రాటి పైభాగమున ముల్లువలె లేచి నిలుచును. పురిలోని ఒరిపిడిచేత కొంత దూరమున అది మరల తక్కిన తీగలతో కలిసి భారము వహింప మొదలిడును. ఆ ముల్లు చేతికి గుచ్చుకొనును, కంటికి మెరయును. గొలుసు ఆరోగ్యముగ నున్నట్లు నటించి హఠాత్తుగ చచ్చునది. తీగత్రాడు తన జబ్బును దినదినము బయటపెట్టుచు, మార్చుకొమ్మని యజమానికి వ్యవధినిచ్చునది. ఆల్బర్టు లోకమునకిచ్చిన వస్తువు త్రాడు మాత్రమే కాదని, చూచి తెలిసికొనుటకు వీలైన క్షీణత యను గొప్ప సౌకర్యమని నా విశ్వాసము. అయితే చూచువాడు లేనినాడు ఈ సౌకర్యము ఉండియు లేనట్టిదే.

తీగత్రాడు క్లౌస్టాలునుండి లోకమంతయు ప్రాకుటకు ఎంతోకాలము పట్టలేదు. ఇంగ్లండున రాబర్ట్ స్టెర్లింగ్ న్యూవాల్ 1840లో తీగత్రాళ్ళను యంత్రముతో పేను విధానమునకు హక్కు పొందెను. పేటల నడుమ నార గుండెను పెట్టుటవలన త్రాడు గుండ్రముగను, మృదువుగను వచ్చెను. జర్మనీనుండి వలసపోయి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున శాక్సన్‌బర్గ్ గ్రామమున స్థిరపడిన జాన్ రోబ్లింగ్, కాలువ పడవలను కొండమీదుగ దాటించు ఏటవాలు రైలుమార్గమున లావుపాటి నారమోకులు మాటిమాటికి తెగుటయు, వానికి వెచ్చించు ధనమును చూచి, 1841లో తన ఊరి పొలమున ఇరుగుపొరుగువారి సాయముతో తీగత్రాటిని పేనించెను. 1854లో బర్మింగ్‌హాము నివాసి జేమ్స్ హార్స్‌ఫాల్ ఉక్కుతీగను కాచి చల్లార్చు నూతన విధానమును కనిపెట్టుటతో తీగ బలము బహుగుణమై, ఇనుపత్రాడు ఉక్కుత్రాడుగ మారుటకు మార్గమేర్పడెను.

తీగ సంఖ్యయందును, అమరికయందును కూడ మార్పులు కలిగెను. లావుతీగలతో పేనిన త్రాడు ఒరిపిడిని ఓర్చును గాని, కప్పీమీద వంగి లేచునప్పుడు త్వరగ అలసి విరుగును. సన్నతీగలతో పేనినది వంపును ఓర్చును గాని, ఒరిపిడికి త్వరగ అరుగును. ఈ రెంటి నడుమ సామరస్యము సాధించుటయే త్రాటి శిల్పమంతయు. 1879లో జాన్ లాంగ్ తీగలను, పేటలను ఒకే దిశలో పురివేయు పద్ధతికి తన పేరు తెచ్చెను. అది క్లౌస్టాలు తొలిత్రాటి పురియే. 1885లో టామస్ సీల్ వెలుపల లావుతీగలను, లోపల సన్నతీగలను అమర్చి రెండు గుణములను ఒక్కచోట కూర్చెను. నేడు క్రేనులయందు సాధారణముగ వాడు త్రాళ్ళు ఆరు పేటలవి. పేటకు 19 తీగలుగాని, 36, 37 తీగలుగాని యుండును. ఆరుపేటల పందొమ్మిది తీగల త్రాటిలో మొత్తము 114 తీగలు భారమును పంచుకొనుచుండును.

అదే కాలమున క్రేను కూడ మానవశక్తినుండి విముక్తి చెందెను. 1846లో న్యూకాసిల్ రేవుగట్టున విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టణపు కొళాయినీటి ఒత్తిడితో పనిచేయు క్రేనును నిలిపెను. పిమ్మట ఆవిరి క్రేనులు, శతాబ్ది చివరి దశకములలో విద్యుత్ క్రేనులు వచ్చెను. నడకచక్రములోని మనిషి బరువు మోయలేనిదైనచో తానే ఆగెడివాడు. ఆవిరికి, విద్యుత్తుకు అట్టి ఇంగితము లేదు. త్రాడు మోయగల దానికంటె ఎక్కువ లాగగల యంత్రము తొలిసారిగ మానవుని చేతికి వచ్చినది. కావున ఎంత ఎత్తవచ్చునను ప్రశ్నకు సమాధానమును ఇక యంత్రము చెప్పదు. అది ముందుగానే లెక్కగట్టి, వ్రాసి, అందరికి కనబడునట్లు పెట్టవలసి వచ్చెను. తెగు భారములో ఐదవ వంతో, మనుష్యులను మోయుచోట పదవ వంతో మాత్రమే మోపవలెనను భద్రతాగుణకము ఇట్లు అలవాటయ్యెను. త్రాడు తెగినను మనిషి బ్రతుకు ఉపాయమును వెదకినవారును కలరు: 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలైషా ఓటిస్ ఎత్తున వ్రేలాడు వేదికపై తాను నిలిచి, త్రాటిని కోయించి, వేదిక పడిపోక ఆగుటను జనులకు చూపెను.

లెక్కలు సరిగ నున్నను, మనుష్యుని నిజాయితీ లేనిచో ఏమగునో బ్రూక్లిన్ వంతెన చరిత్ర చెప్పుచున్నది. న్యూయార్కునకును బ్రూక్లిన్‌కును నడుమ ఆ వ్రేలాడు వంతెనను సంకల్పించిన జాన్ రోబ్లింగ్ 1869లో మరణింపగా, కుమారుడు వాషింగ్టన్ రోబ్లింగ్ ఆ భారమును స్వీకరించెను. తీగలను సరఫరా చేయు ఒప్పందము లాయిడ్ హేగ్ అను వర్తకునికి దక్కెను. ప్రతి తీగచుట్టను పరీక్షించి, మంచిదనిన దానిని మాత్రమే వంతెనకు పంపవలెనని ఏర్పాటు. కాని పరీక్షలో నెగ్గిన చుట్టలు వంతెన చేరులోపల త్రోవలో మాయమై, వాని స్థానమున పరీక్షలో ఓడిన చుట్టలు బండ్లకెక్కుచుండెను. నెగ్గిన చుట్టలే మరల పరీక్షకు వచ్చుచుండెను. 1878లో ఈ మోసము బయటపడునాటికి చెడుతీగ చాలవరకు వంతెన మోకులలో చేరిపోయినది, తీసివేయుటకు వీలులేదు. రోబ్లింగ్ తొలుత అవసరమునకు ఆరురెట్ల బలమునుంచి లెక్కగట్టియుండుటచేత, చెడుతీగ చేరినను ఐదురెట్ల బలము మిగులునని తేల్చి, ఒక్కొక్క మోకునకు సుమారు 150 తీగలను అదనముగ చేర్పించెను. 1883లో ప్రారంభమైన ఆ వంతెన నేటికిని నిలిచియున్నది. ప్రమాణపత్రమును చూచి తృప్తిపడక, పత్రమునకు తగిన వస్తువే చేతికి వచ్చినదా యని చూడవలెనను నీతిని, భద్రతకై విడిచిన మిగులును లాభముగ లెక్కించి వాడుకొనరాదను నీతిని ఈ కథ బోధించుచున్నది.

శాసనములు రేవులలో పుట్టినవి. ఏ దేశపు ఓడయో, ఏ దేశపు కళాసీయో, ఎవరు కట్టిన మూటయో ఎరుగక పనిచేయు రేవుకూలీ ప్రాణమునకు ఒక దేశపు చట్టము మాత్రమే రక్షణ కాజాలదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లో చేసిన ఒడంబడిక ప్రకారము, ఓడమీద పంపబడు సరుకులలో వెయ్యి కిలోగ్రాములు, అంతకు మించిన బరువు గల ప్రతి మూటపైనను దాని బరువు స్పష్టముగ వ్రాయవలెను. నేటివారికిది అల్పముగ తోచవచ్చును. కాని బరువెంతో తెలియని పెట్టెను ఎంత మోయగలదో తెలియని త్రాటితో ఎత్తిన కాలము ఆ నియమమునకు వెనుక కలదు. మన దేశమున ఆ ఒడంబడికను అమలుచేయుటకు 1951లో బరువైన మూటల గుర్తింపు చట్టము వచ్చెను.

1932లో అదే సంస్థ రేవుకూలీల రక్షణకై మరియొక ఒడంబడిక చేసెను; దాని ననుసరించి వెలువడిన రేవు నిబంధనలయందు త్రాటి విషయము మరింత సూక్ష్మముగ చెప్పబడినది. వాడుకయందున్న తీగత్రాటిని మూడు నెలలకొకసారి పరీక్షింపవలెను. ఒక్క తీగయైనను తెగిన పిమ్మట నెలకొకసారి పరీక్షింపవలెను. త్రాటి మందమునకు ఎనిమిది రెట్ల నిడివిలో కనబడు తెగిన తీగలు మొత్తము తీగలలో పదవ వంతును మించినచో దానిని వాడరాదు. గొలుసును పొట్టిచేయుటకు ముడివేయరాదు. ఈ ఎనిమిదిరెట్ల లెక్కను చేతితో చూడవచ్చును. త్రాటి మందము 20 మిల్లీమీటర్లనుకొందము. ఎనిమిది రెట్లు 160 మిల్లీమీటర్లు, అనగా రెండు బెత్తెలకు కొంచెము మించును. నూటపదునాలుగు తీగల త్రాటిలో పదవ వంతు పదకొండుపైచిలుకు. కావున ఆ రెండు బెత్తెల నిడివిలో పండ్రెండవ ముల్లు కనబడినదనిన ఆ త్రాటి ఆయువు తీరినట్లే. నేటి ప్రమాణములు పెక్కు ఇంతకంటెను కఠినములు. ఒక బక్కచిక్కిన రేవుకూలీ సైతము తన వ్రేళ్ళతో కొలిచి, ఈ త్రాటిక్రింద నేను నిలువనని చెప్పుటకు ఆ నియమము అధికారమిచ్చినది.

మన తీరమునకు ఈ చరిత్ర సన్నిహితమైనదే. విశాఖపట్టణమున లోపలి రేవు 1933లో తెరువబడుటకు పూర్వము ఓడలు సముద్రమున దూరముగ లంగరు దింపి నిలుచుచుండగా సరుకు పడవలమీద పోవుచు వచ్చుచుండెడిది. కాకినాడలో ఆ పద్ధతి పిదపను చిరకాలము సాగెను. అలలమీద లేచి పడు పడవనుండి ఓడ క్రేను బరువునెత్తునప్పుడు, పడవ క్రిందికి జారిన క్షణమున త్రాటిమీద హఠాత్తుగ పడు కుదుపు ఎంతటిదో అక్కడి కళాసీలకు తెలియును. 1941లో విశాఖయందు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాలనుండి 1948లో జలఉష యను ఓడ నెహ్రూ చేతులమీదుగ నీటిలోనికి జారెను. ఉక్కుపలకలను, యంత్రములను ఎత్తి అమర్చు క్రేను విద్య తెలుగు యువకులకు ఇట్టిచోట్ల అబ్బినది. 1889నుండి బొగ్గు త్రవ్వుచున్న ఇల్లెందు ప్రాంతపు సింగరేణి గనులలో మనుష్యుల ప్రాణములే త్రాటిమీద ఆధారపడియుండెను. కావుననే 1957నాటి బొగ్గుగనుల నిబంధనలు, గని బావిలో దింపు త్రాటిని మూడున్నరయేండ్లకు మించి వాడరాదనియు, దాని కొస కట్టును ఆరు నెలలకొకసారి కోసి క్రొత్తగ కట్టవలెననియు శాసించెను.

భారత రేవుకార్మికుల చట్టము 1934లో చేయబడి, దాని నిబంధనలు 1948లో వెలువడెను. ఆ 1948లోనే వచ్చిన ఫ్యాక్టరీల చట్టము 29వ విభాగము ఎత్తు యంత్రములను, గొలుసులను, త్రాళ్ళను సమర్థుడైన వ్యక్తి పండ్రెండు నెలలకొకసారియైనను నిశితముగ పరీక్షింపవలెననియు, ప్రతిదానిపైనను మోయదగిన భారమును గుర్తింపవలెననియు, ఆ భారమును మించి ఎత్తరాదనియు, పట్టాలమీద నడచు క్రేను దారిలో మనుష్యులు పనిచేయుచుండగా ఆ క్రేను ఆరు మీటర్లలోపునకు రాకుండ చూడవలెననియు విధించెను. శాసనము చెప్పినది కనీసమర్యాద మాత్రమే. పండ్రెండు నెలలకొకసారి పరీక్షించు అధికారి చూపునకును, ప్రతి ఉదయము ఎక్కు ఆపరేటరు చూపునకును నడుమ మూడువందల పైచిలుకు దినములు కలవు. త్రాడు తెగుటకు వానిలో ఒక్కటి చాలును.

ఆ దినదిన పరీక్ష యెట్లుండవలెనో అనుభవజ్ఞులు తరతరములుగ చెప్పుచున్నదే. త్రాటిని వట్టిచేతితో తడుమరాదు. గుడ్డముక్కను చుట్టి, త్రాటిని మెల్లగ నడిపించినచో, తెగిన తీగ గుడ్డను పట్టి లాగును. మందమును కొలుచునప్పుడు పేటల శిఖరములమీదుగ మిక్కిలి వెడల్పయిన చోటనే కొలువవలెను. పేటల నడిమి పల్లములమీద కొలిచినచో కొలత తప్పును. తొలిమందముకంటె చెప్పుకోదగినంత సన్నబడినచో లోపలి గుండె నలిగినదనియో, తీగలు అరిగినవనియో భావింపవలెను. కప్పీలమీదను, డ్రమ్ముమీదను మాటిమాటికి వంగు భాగమును, కొసకట్టు మొదలును ప్రత్యేకముగ చూడవలెను, ఏలన అలసట అచటనే ముందు పుట్టును. ఒకసారి మడతపడి మెలిక బిగిసిన త్రాడు మరల సరియగుట లేదు; మెలికను సాగదీసి సరిచేసితిమని మురియువారు లోపలి తీగల గాయమును చూడలేదు. పేటలు పంజరమువలె ఉబ్బినను, వెల్డింగు నిప్పు తగిలినను, తుప్పు పుటములు పడినను ఆ త్రాటిని తీసివేయవలసినదే. నార గుండె తైలమును దాచుకొని, భారము పడినపుడు తీగలకు అందించును. ఆ తైలము ఆరినచో తీగ తీగను కోయును. కావున ధూళిని తుడిచి, లోనికి ఇంకునట్టి నూనెను, గ్రీజును కాలక్రమమున పూయవలెను.

క్రొత్తత్రాటిని చుట్టనుండి విప్పునప్పుడు చుట్టను త్రిప్పుచు తీయవలెనే గాని, పొరలు పొరలుగ ప్రక్కనుండి లాగరాదు. అట్లు లాగిన ప్రతి పొరకును ఒక మెలిక పడును. కోయుటకు ముందు కోతకు ఇరుప్రక్కల సన్నతీగతో బిగించి కట్టనిచో పేటలు విచ్చి పురి చెదరును. కొసను మడచి క్లాంపులు బిగించునప్పుడు, వంగిన బోల్టు వైపు కొస త్రాటిపైనను, వెడల్పయిన ఆసనము భారము మోయు త్రాటిపైనను ఉండవలెను. తారుమారయినచో బోల్టు మోయు త్రాటినే నలుచును. తొలిభారము పడిన పిమ్మట వానిని మరల బిగింపవలెను. కొక్కెము ఎంత దిగువకు దిగినను డ్రమ్ముమీద కనీసము రెండు మూడు చుట్లు మిగిలియుండవలెను.

ఎత్తునప్పటి లెక్కలలో స్లింగుల కోణమంత మోసకరమైనది లేదు. రెండు టన్నుల బరువును రెండు స్లింగులు నిట్టనిలువుగ పట్టినచో ఒక్కొక్కదానిపై పడునది ఒక టన్ను. అవి వాలి భూమికి అరువది డిగ్రీల కోణమున నున్నచో ఒక్కొక్కదానిపై పడునది సుమారు 1.15 టన్నులు, నలుబదియైదు డిగ్రీలయినచో 1.41 టన్నులు, ముప్పది డిగ్రీలకు జారినచో పూర్తిగ రెండు టన్నులు. బరువు మారలేదు, స్లింగు మారలేదు. కోణము మారుటచేత భారము రెట్టింపయినది. పొట్టి స్లింగులతో పని కానిచ్చెదమను తొందర ఎన్ని ప్రాణములను తీసినదో ఈ చిన్నలెక్క చెప్పుచున్నది. పదునైన అంచులకు మెత్తలు పెట్టుట, బరువును పక్కకు ఈడ్వకుండుట, నేలనుండి కొంచెము లేపి ఆపి బ్రేకును, సమతూకమును చూచుకొనిన పిమ్మటనే పైకెత్తుట, ఎత్తిన బరువుక్రింద ఎవ్వరిని నిలువనీయకుండుట, సైగచేయువాడొకడే యుండుట, ‘ఆగు’మను సైగను మాత్రము ఎవరు చేసినను పాటించుట, ఇవన్నియు ఒక్కొక్క ప్రమాదము నేర్పిన పాఠములు.

నేడు క్రేను పెద్ద రేవులకే పరిమితము గాదు. హైదరాబాదు వీధులలో మెట్రో స్తంభములపై దూలములనెత్తినది క్రేనే. పల్లెలో బోరుబావి మోటారును పైకి తీయునదియు చిన్న క్రేనే. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు, కోనసీమనుండియు గల్ఫు దేశములకు పోయిన మన కార్మికులలో ఎందరో అచటి కట్టడములయందు బరువులెత్తు పనులలో బ్రతుకుచున్నారు. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖపట్టణమునందలి నౌకానిర్మాణ కేంద్రమున భారీ క్రేనునకు భారపరీక్ష జరుపుచుండగా అది కూలి 11 మంది మరణించిరి. భద్రతను నిర్ధారించుటకు జరుపు పరీక్షయే ప్రాణాంతకము కాగలదని, యంత్రము బలము ఋజువగువరకు మనుష్యులు దూరముగ నుండవలెనని ఆ దుర్ఘటన మనకు జ్ఞాపకము చేయుచున్నది.

మోకును తడిమి చూచిన రైతునందును, క్లౌస్టాలు గనిలో తీగలను పేనించిన అధికారియందును, ఎనిమిదిరెట్ల లెక్కను శాసనముగ వ్రాసినవారియందును ఒకే శ్రద్ధ కనబడుచున్నది. త్రాడు అబద్ధమాడదు, తన స్థితిని తీగతీగతో చెప్పుచునే యుండును. యజమానులారా, పాతత్రాటిని మార్చుటకగు ఖర్చును ప్రాణముతో తూచకుడు. త్రాడు పనికిరాదని చెప్పిన ఆపరేటరును మందలింపక, ఆ మాట విని పని నిలుపుడు. కార్మికసోదరులారా, ఉదయము క్రేనెక్కుటకు ముందు గుడ్డముక్కను చేతబట్టి త్రాటి పొడవునా ఒక్కసారి నడువుడు. సందేహము కలిగినచో ఎత్తకుడు.